విప్పడానికే బిగించే రేకు

మార్చి నెల పడిందంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ బజార్లలో రేకు చప్పుడు పెరుగుతుంది. రోడ్డు పక్క షెడ్లలో కూలర్ల పని మొదలవుతుంది. జీఐ షీటును కొలిచి గీత గీస్తారు, కత్తిరిస్తారు, అంచులు మడుస్తారు. రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, మోకాలితో అదిమి పట్టి డ్రిల్లు దించుతారు. బెజ్జం పడగానే అందులో పాప్ రివిట్ దూర్చి గన్ను నొక్కుతారు. టక్కుమని లోపలి మేకు తెగుతుంది, మూల బిగుస్తుంది, చెయ్యి పక్క బెజ్జానికి వెళ్లిపోతుంది. ఆ వేగం చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. కానీ అదే షెడ్డులో ఒక పక్కన రిపేరుకు వచ్చిన పాత కూలర్లు కూడా ఉంటాయి. వాటి మూలల మీద కళ్లు పెట్టి చూస్తే రివిట్ చుట్టూ బెజ్జం కోలగా సాగి కనిపిస్తుంది. వేలితో కదిపితే రివిట్ తిరుగుతుంది. ఫ్యాను వెయ్యగానే కూలరు ఒళ్లంతా గడగడలాడుతుంది. రేకు కుళ్లలేదు, రివిట్ తెగలేదు, కొట్టిన చెయ్యి కొత్తదేం కాదు. మరి ఆ బెజ్జం ఎందుకు సాగింది?

అడిగితే చాలా చిన్న ప్రశ్న. ఒకసారి పట్టుకుంటే మాత్రం తొందరగా వదలదు. ఎందుకంటే దాదాపు అంతే మందం ఉన్న రేకుతో, అదే రకం డ్రిల్లుతో, కొన్నిసార్లు అదే పద్ధతి పాప్ రివిట్లతో, ప్రపంచంలో కొన్ని వేలమంది తమ ఇంటి షెడ్లలో విమానాలు కట్టుకున్నారు. బొమ్మ విమానాలు కాదు. భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని దేశాలు దాటే విమానాలు.

కేరళలోని అలప్పుళ నుంచి ఇంగ్లండు వెళ్లి స్థిరపడిన అశోక్ తామరాక్షన్ అనే మెకానికల్ ఇంజనీర్ కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో దక్షిణాఫ్రికా నుంచి స్లింగ్ టీఎస్ఐ అనే నాలుగు సీట్ల విమానం కిట్టు తెప్పించుకున్నారు. ఏడాదిన్నర పాటు దాన్ని కూర్చారు. 2022లో దాన్ని ఎగరేశారు, చిన్న కూతురు దియా పేరు పెట్టుకున్నారు. ఆ కిట్టులో రెక్కలూ తోకా ఒళ్లూ అన్నీ అల్యూమినియం రేకులే, ఎక్కువ భాగం పాప్ రివిట్లతో బిగించేవే. అంతకంటే ముందు ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ కిట్టు కూడా లేకుండా, కాందివలీలోని తమ అపార్టుమెంటు డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. దాన్ని విడదీసి క్రేనుతో కిందికి దించి 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా వారోత్సవంలో నిలబెట్టారు. 2017 నవంబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది. డాబా మీద విమానమేమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. నవ్వు సంగతి వదిలేద్దాం. ఆ డాబా మీద ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం ఏమిటి? రేకుకు బెజ్జాలు వెయ్యడం. ఆ బెజ్జాల దగ్గర ఆయన కూలరు చేసే మనిషి కంటే వేరుగా ఏం చేసి ఉంటారు?

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇంట్లో లోహ విమానం కట్టేవాళ్లు ఒకసారి బిగించిన దాన్ని మళ్లీ విప్పుతారు.

పని ఎలా సాగుతుందో కొంచెం నెమ్మదిగా చూడాలి. రెక్క లోపల అడ్డంగా దూలం లాంటి స్పార్, దానికి నిలువుగా వరసగా రిబ్బులు ఉంటాయి. వాటి మీద చర్మంలా పరిచే రేకును స్కిన్ అంటారు. ఆ రేకు సాధారణంగా 2024 అనే అల్యూమినియం మిశ్రమ లోహం, మందం అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కిట్టులో వచ్చే రేకుకు ఫ్యాక్టరీలోనే చిన్న బెజ్జాలు పడి ఉంటాయి. ముందు ఆ రేకును రిబ్బుల మీద పరిచి, బెజ్జాలు కలిపి, క్లెకో అనే స్ప్రింగు పిన్నులు దూరుస్తారు. ప్రత్యేకమైన పట్టకారుతో నొక్కితే లోపలికి దూరి, వదిలితే రేకుల్ని దగ్గరకు లాగి పట్టుకునే పిన్నులివి. సైజును బట్టి రంగు: చిన్నవి వెండి రంగు, వాటి కంటే పెద్దవి రాగి రంగు. ఒక రెక్క నిండా ఇవి గుచ్చేసరికి అది ముళ్లపందిలా తయారవుతుంది. అప్పుడు నడిమధ్య నుంచి అంచులవైపు, ఒక వరస విడిచి ఒక వరస, డ్రిల్లుతో బెజ్జాల్ని అసలు సైజుకు పెంచుతారు. చిన్న రివిట్‌కు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, దాని తర్వాతి సైజుకు 3.3 మిల్లీమీటర్లు. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తే రేకు మధ్యలో ఉబ్బి నిలబడిపోతుంది. వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టిక్కుటిక్కుమంటుంది. అందుకే మధ్య నుంచి బయటికి.

అన్ని బెజ్జాలూ పడ్డాయి. రేకు రిబ్బుల మీద చక్కగా కూర్చుంది. చూడ్డానికి రెక్క పూర్తయినట్టే ఉంది. ఇంకేం, రివిట్లు కొట్టేస్తే సరిపోదూ?

సరిపోదు. క్లెకోలన్నీ పీకేస్తారు. రేకును ఎత్తి పక్కన పెడతారు. రిబ్బులు, స్పార్ కూడా విడదీస్తారు. డ్రిల్లు దిగిన ప్రతి చోటా బెజ్జం రెండో వైపు సన్నటి గరుకు అంచు లేచి ఉంటుంది. దాన్ని మన షెడ్లలో బర్ అంటారు. రెండు రేకుల మధ్య చిక్కుకున్న సన్నటి లోహపు పొట్టు కూడా ఉంటుంది. ఆ పొట్టు అలాగే ఉంటే రేకులు పైకి అతుక్కున్నట్టు కనిపించినా మధ్యలో వెంట్రుక మందం ఖాళీ మిగిలిపోతుంది. విమానం వణికినప్పుడల్లా ఆ ఖాళీలో రేకు రేకును రాపాడుతుంది, రివిట్ అటూ ఇటూ ఊగుతుంది, బెజ్జం కోలగా సాగుతుంది. కాబట్టి ప్రతి బెజ్జానికి, ప్రతి రేకుకు, రెండు వైపులా, పెద్ద సైజు డ్రిల్ బిట్టును వేళ్ల మధ్య పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి ఆ గరుకు తీస్తారు. ఎక్కువ తిప్పితే అంచు కత్తిలా పలచబడి ఇంకో ప్రమాదం తెచ్చిపెడుతుంది. తక్కువ తిప్పితే గరుకు మిగిలిపోతుంది. ఒక చిన్న రెండు సీట్ల విమానంలో ఇలాంటి బెజ్జాలు వేలల్లో ఉంటాయి. ఆ వేళ్లకు ఎంత ఓర్పు కావాలో లెక్క వేసుకోవచ్చు. ఆ తర్వాత శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూసి, ఆరాక, అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి కూర్చి, క్లెకోలు గుచ్చి, అప్పుడు రివిట్లు కొడతారు.

కూలరు షెడ్డులో లేనిది ఈ ఒక్క మెట్టే. విప్పే మెట్టు.

బెజ్జం అంచు మీద ఇంత శ్రద్ధ ఎందుకో సైన్సు ఎప్పుడో తేల్చింది. 1898లో ఎర్నస్ట్ గుస్తావ్ కిర్ష్ అనే జర్మన్ ఇంజనీర్ ఒక లెక్క చేసి చూపించాడు. ఒక పలకను రెండు వైపులా లాగుతున్నప్పుడు, దాని మధ్యలో గుండ్రటి చిన్న బెజ్జం ఉంటే, ఆ బెజ్జం అంచున లోహం మీద పడే ఒత్తిడి మిగతా పలక మీద ఉన్నదానికి మూడింతలు. బెజ్జం ఎంత చిన్నదైనా సరే మూడింతలే. అంటే లోహం అన్నిటికంటే ఎక్కువ కష్టపడే చోటు అది లేని చోటుకు అంచునే. ఇప్పుడు ఆ అంచున ఒక గీత, ఒక చీలిక, ఒక గరుకు పన్ను ఉంటే? మూడింతల పైన ఇంకెన్ని ఇంతలో. నిశ్చలంగా ఉన్న రేకు అయితే తట్టుకుంటుందేమో. ఎగిరే ప్రతిసారీ లాగి వదిలే రేకు అయితే ఆ గీత ప్రతిసారీ కొంచెం కొంచెం పాకుతుంది.

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుగా వచ్చింది. జెట్ ఇంజన్లతో ప్రయాణికుల్ని మోసిన మొదటి విమానం బ్రిటన్‌కు చెందిన కామెట్. 1952లో సర్వీసు మొదలుపెట్టింది. 1954 జనవరిలో ఒకటి ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్‌లో ఇంకొకటి నేపుల్స్‌కు దక్షిణాన, ఆకాశంలోనే పగిలి సముద్రంలో కూలాయి. ఫార్న్‌బరోలో ఇంజనీర్లు ఒక కామెట్ ఒళ్లును నీళ్ల ట్యాంకులో పెట్టి, విమానం ఎగిరినప్పుడూ దిగినప్పుడూ లోపల పెరిగి తగ్గే ఒత్తిడిని పంపులతో మళ్లీ మళ్లీ కల్పించారు. అది అంతకుముందు నిజంగా ఎగిరినవీ ట్యాంకులో కల్పించినవీ కలిపి 3,057వ సారికి చిట్లిపోయింది. కామెట్ కిటికీల చదరపు మూలల సంగతి అందరికీ గుర్తుండిపోయింది. కానీ పగులు మొదలైంది ఆ మూలల దగ్గరున్న బిగింపు బెజ్జాల అంచున. ఒక పెద్ద దేశం గర్వంగా చూపించుకున్న యంత్రం వేలెడు కూడా లేని బెజ్జం దగ్గర ఓడిపోయింది.

1985 ఆగస్టు 12న జపాన్‌లో కూలిన బోయింగ్ 747 కథ బెజ్జానిది కాదు, వరసది. ఏడేళ్ల ముందు దాని తోక నేలను రాసుకుంటే వెనక గోడను రిపేరు చేశారు. అక్కడ ఒకే అతుకు పలక ఉండాల్సింది. దాన్ని రెండు ముక్కలుగా వేశారు. దాంతో రెండు వరసల రివిట్లు పంచుకోవాల్సిన బరువు ఒక్క వరస మీదే పడింది. పైకి చూస్తే వరసలన్నీ నిండుగానే ఉన్నాయి. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు. కంటికి నిండుగా కనిపించడానికీ నిజంగా పట్టుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఇంతకంటే చెప్పేదేముంది?

ఇలాంటి కథలు విన్నప్పుడు మనసు ఒక పక్కకు లాగుతుంది. విమానం పెద్దవాళ్ల పని, కూలరు చిన్నవాళ్ల పని, రెంటినీ ఒక గాటన కట్టడం తప్పు కాదా అని. కానీ చరిత్ర అలా ఒప్పుకోదు. మొట్టమొదటి పూర్తి లోహ విమానాల్లో ఒకటైన జె 1ని జర్మనీలో తయారుచేసి 1915 డిసెంబరులో ఎగరేయించినవాడు హ్యూగో యుంకర్స్. అంతకుముందు ఆయన వ్యాపారం ఏమిటంటే స్నానాలకు నీళ్లు కాచే గ్యాస్ గీజర్లు. దెసౌ పట్టణంలో ఆయన ఫ్యాక్టరీలో పలచని రేకును మడిచి, అతికి, నీళ్లు కారకుండా నిలబెట్టే పనితనం ఉంది. దాన్నే రెక్కకు మళ్లించారు. ఆ విమానం ఉక్కు రేకుతో చేసినది, బరువైనది. జనం దాన్ని రేకు గాడిద అని పిలిచారు. అంతకుముందు విమానాలకు బట్టే చర్మం. 1903లో రైట్ సోదరుల విమానం రెక్కల మీద పరిచింది నూలు మస్లిన్ గుడ్డ. గీజర్ల షెడ్డులో పుట్టిన చేతిపని బట్ట స్థానాన్ని తీసుకుంది. కాబట్టి వేడినీళ్ల పెట్టెకూ విమానం రెక్కకూ మధ్య బంధుత్వం ఉన్నట్టే, చల్లగాలి పెట్టెకూ రెక్కకూ మధ్య ఉందనుకోవడం అతిశయోక్తి కాదు.

అలా అనుకుంటే మొదట్లో చెప్పిన ఆ మూడు ఊళ్ల మధ్య చూడాల్సినవి చాలా ఉన్నాయి.

గద్వాల చీర సంగతి చూడండి. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ నేలలో నేసే ఆ చీర ఒళ్లు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. నూలు ఉతుకుకు ఒక తీరుగా ముడుచుకుంటుంది, పట్టు ఇంకో తీరుగా. ఒళ్లు ఒకటి నేసి అంచు ఒకటి నేసి సూదితో కుట్టేస్తే నాలుగు ఉతుకులకు కుచ్చులు పడి విడిపోతుంది. అందుకే నేతగాళ్లు మూడు నాడెలు పెట్టుకుంటారు. రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి. అంచు దగ్గర నూలు పోగూ పట్టు పోగూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని వెనక్కి తిరిగేలా, అడ్డ వరస పడ్డ ప్రతిసారీ కలుపుతారు. ఇద్దరు మనుషులు కూర్చుని చెయ్యాల్సినంత పని. కొంగు దగ్గర పోగు పోగుకూ మెలిక పడాలి. చీర కట్టుకున్నవాళ్లకు కనిపించేది అంచు రంగు, బుటా, జరీ. నేసినవాళ్ల ప్రాణం మాత్రం ఆ కలిసే గీతలో ఉంటుంది. విమానం రేకు విషయంలోనూ మెరిసే ఒళ్లు చూసేవాళ్లది, బెజ్జాల వరస చేసినవాళ్లది. ఎవరూ చూడని చోట ఇంత పని పెట్టే అలవాటు ఈ నేలకు కొత్త కాదు.

రెండు వేరువేరు పదార్థాలు ఒకచోట కలిసినప్పుడు వచ్చే ఇబ్బంది లోహానికీ ఉంది. అదీ మన ఎండల్లో మరీ ఎక్కువ. మీటరు పొడవు అల్యూమినియం రేకు ఒక్కో డిగ్రీ వేడికి 23 మైక్రాన్లు సాగుతుంది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఏమంత అనిపిస్తుంది. కానీ ఏప్రిల్‌లో తెల్లవారుజామున 24 డిగ్రీలున్న షెడ్డు మధ్యాహ్నం రెండింటికి 42కు చేరితే, మూడు మీటర్ల రేకు దాదాపు ఒకటింపావు మిల్లీమీటరు సాగుతుంది. ఆ రేకును పట్టి ఉంచిన ఇనుప చట్రం అందులో సగమే సాగుతుంది. రెండిటి మధ్య తేడా అర మిల్లీమీటరు దాటుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల బెజ్జానికి అర మిల్లీమీటరు అంటే అయిదో వంతు పక్కకు జరగడం. ఉదయం కలిసిన బెజ్జాలు మధ్యాహ్నం కలవవు. మరి పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం రెండో వైపు డ్రిల్లు వేసుకుంటూ పోతే? రెక్కకు కంటికి తెలియని మెలిక పడుతుంది. అది ఎగిరినప్పుడు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతూ ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక రేకు బెజ్జాలన్నీ ఒకే పూట వేస్తారు, ఎండలో ఉన్న రేకును నీడలో ఉన్న చట్రం మీద పరచరు. గద్వాలలో విమానం కట్టేవాళ్లు ఎవరైనా బయల్దేరితే వాళ్లకు అన్నిటికంటే ముందు కావాల్సింది మంచి డ్రిల్లు కాదు, పూటంతా వేడి మారని గది.

విప్పడం గురించి ఆలోచిస్తుంటే గద్వాల జిల్లాలోనే ఉన్న అలంపురం గుర్తుకు రాక తప్పదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ఆ చోటును ముంచేస్తాయని తేలినప్పుడు దాన్ని రాయి రాయిగా విప్పి, తెచ్చి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లా వైపు సోమశిల, జటప్రోలు గుళ్లు కూడా అలా జరిగి వచ్చినవే. పన్నెండు పదమూడు వందల ఏళ్లు నిలబడిన దాన్ని విప్పాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఏ రాయి ఎక్కడిదో, ఏ వైపు పైకి ఉండాలో గుర్తు లేకుండా ఒక్కటి కూడా కదపకూడదు. గుర్తు తప్పితే గుడి మిగలదు, రాళ్ల కుప్ప మిగులుతుంది. విమానం రేకులకూ ఇదే కట్టుబాటు. విప్పే ముందు ప్రతి ముక్క మీదా ఎడమా కుడీ, పైనా కిందా, రిబ్బు నంబరు రాసుకుంటారు. అందులో ఒక జాగ్రత్త ఉంది. పెన్సిలుతో రాయకూడదు. పెన్సిలు ములుకులోని గ్రాఫైటు తడి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది, గీసిన గీత వెంబడే తుప్పు పడుతుంది. మార్కరు పెన్ను వాడాలి. గుర్తు కోసం పెట్టిన గీతే గాయమవుతుందని మొదటిసారి తెలిసినప్పుడు ఎవరికైనా ఆశ్చర్యం కలగాలి.

ఇంత శ్రద్ధ తీసుకున్నా, బెజ్జం మనిషి చేతిలో లేని చోట తప్పు ఎలా వస్తుందో ఈ మధ్యనే తెలిసింది. అమెరికాలోని ఒరెగాన్‌లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ మొదలుపెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ కిట్లతో ఇప్పటికి 11,000కు పైగా ఇంటి విమానాలు ఎగిరాయి. ఈ రంగంలో దాన్ని మించినది లేదు. కోవిడ్ తర్వాత గిరాకీ పెరిగి, పంచింగ్ యంత్రాలు చాలక, కొన్ని రేకుల బెజ్జాలను లేజరుతో కోయించారు. లేజరు మొదలై ముగిసిన చోట బెజ్జం అంచున చిన్న గంటు మిగిలింది. కట్టుకునేవాళ్లు ఆ బెజ్జాలకు రివిట్ తల లోపలికి కూర్చునేలా గుంట వేస్తుంటే ఆ గంటు దగ్గర చీలికలు వచ్చాయి. చీలికలు చూసింది ఎవరు? షెడ్లలో భూతద్దం పట్టుకుని ఒక్కో బెజ్జాన్నీ తడిమే మామూలు మనుషులు. సంస్థ ఆ రేకులను మార్చి ఇవ్వాల్సి వచ్చింది. మిగతా ఇబ్బందులూ తోడై 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది, మరుసటి ఏడాది కోలుకుని బయటపడింది. కిర్ష్ లెక్కా కామెట్ ట్యాంకూ నేర్పిందే ఇక్కడ మళ్లీ కనిపించింది. ఈసారి మాత్రం ఆకాశంలో కాదు, నేల మీదే, బల్ల మీదే పట్టుబడింది. విప్పి, తుడిచి, చూసే మెట్టు ఉండబట్టే పట్టుబడింది.

మరి ఆ మెట్టు కూలరు షెడ్డులో ఎందుకు లేదు? తెలియక కాదు. బర్ సంగతి ప్రతి ఫిట్టరుకూ తెలుసు, వేలు తెగిన ప్రతిసారీ అది గుర్తు చేస్తూనే ఉంటుంది. కూలరు ధరలో విప్పే పనికి కూలి లేదు. బిగించిన మూలకు డబ్బు వస్తుంది, విప్పిన మూలకు ఎవరిస్తారు? కొనేవాడు పక్క దుకాణంలో వంద తక్కువకు దొరికితే అక్కడికి పోతాడు. ఈ తప్పు చేతిది కాదు. అశోక్ తామరాక్షన్ విప్పగలిగింది ఆ పూట ఆయన సొంతం కాబట్టి. ఇంటి విమానాలకు అమెరికాలో ఒక నియమం ఉంది. పనిలో సగానికి పైగా కట్టుకునేవాళ్లే, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. కూలి లెక్క లేని చోటే విప్పడానికి తీరిక దొరుకుతుందని ఆ నియమం పరోక్షంగా ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది.

అయితే కూలి ఇచ్చి మరీ విప్పించే చోటు కూడా ఒకటి ఉంది, అదీ మనకు దగ్గర్లోనే. హైదరాబాద్ దక్షిణాన ఆదిభట్లలో టాటా ఫ్యాక్టరీలు ఉన్నాయి. లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి అక్కడ సి-130జె రవాణా విమానాల తోక భాగాలు చేస్తారు, ప్రపంచంలో ఆ విమానాలకు ఆ భాగం వెళ్లేది ఇక్కడి నుంచే. బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు చేస్తారు, మొదటిది 2018 జూన్‌లో బయటికి వెళ్లింది. అక్కడా పని అంటే చాలావరకు డ్రిల్లు, బర్ తీయడం, క్లెకో, రివిట్. ఒకప్పుడు ఈ మూడు ఊళ్లున్న పాలమూరు నుంచి వెళ్లే లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలూ కాలువలూ ఎక్కడ కడితే అక్కడికి ముంతలూ చేటలూ పట్టుకుని పోయిన జనం. కరువు తరిమితే పోయినవాళ్లు. వాళ్ల మనవళ్లు ఐటీఐ చదివి రివిట్ గన్ను పట్టుకుంటున్నారంటే అది మామూలు మార్పు కాదు. వలసే అయినా ఈ వలసలో ఒక బెజ్జం దగ్గర ఆగడానికి జీతం ఉంది, తప్పు పడితే రివిట్‌ను తొలిచి తీసి మళ్లీ కొట్టడానికి సమయం ఉంది. దాన్ని తలచుకుంటే సంతోషమే కలుగుతుంది. కానీ వెంటనే ఒక అనుమానం కూడా. ఆ చేతులకు తాము చేసే ముక్క తప్ప విమానం మొత్తం ఎప్పుడైనా కనిపిస్తుందా? తోక కట్టినవాడికి ఆ తోక ఎగరడం చూసే అవకాశం ఉందా? డాబా మీద, షెడ్డులో కట్టుకునేవాడికి ఉన్నదీ ఫ్యాక్టరీ ఫిట్టరుకు లేనిదీ ఇదే కావచ్చు. దేనికోసం విప్పుతున్నాడో అతనికి కళ్ల ముందు ఉంటుంది.

వనపర్తిలో సంస్థానాధీశుల ప్యాలెస్‌లో ఇప్పుడు కృష్ణదేవరాయ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. రాజులు తిరిగిన ఆ ఆవరణలో మెకానికల్ డిప్లొమా పిల్లలు చదువుతారు. పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది ఫిట్టింగ్ షాపు గుర్తున్నవాళ్లు ఎవరూ ఆకురాయి చప్పుడు మరచిపోరు. రెండు ఇనుప ముక్కలు ఇస్తారు. ఒకదానిలో వీ ఆకారం గాడి తీయాలి, ఇంకొకటి అందులో కూర్చునేలా రాయాలి. రోజుల తరబడి రాసి, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు పట్టి చూపిస్తే సారు కన్ను చిన్నది చేసి చూస్తారు. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే మళ్లీ రాయాలి. కూర్చుందనుకున్నదాన్ని విడదీసి, ఎక్కడ ఎక్కువుందో చూసి, కొంచెం తీసి, మళ్లీ కూర్చి చూడటం పిల్లలకు ఆ షాపులోనే మొదటిసారి అలవాటవుతుంది. మన దగ్గర విమాన విద్య ఎక్కడ మొదలవ్వాలి అని ఎవరైనా అడిగితే, విమానాశ్రయం కంటే ముందు ఈ ఫిట్టింగ్ షాపునే చూపించాలి.

ఆ షాపులో వీ ఫిట్ పక్కన ఇంకొక అభ్యాసం చేరిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీలు నాలుగు ఇవ్వాలి. ఒక జతకు కలిపి బెజ్జాలు వేసి అలాగే రివిట్లు కొట్టాలి. ఇంకో జతకు కలిపి బెజ్జాలు వేసి, గుర్తు పెట్టి, విప్పి, నాలుగు వైపులా గరుకు తీసి, తుడిచి, మళ్లీ కలిపి రివిట్లు కొట్టాలి. రివిట్ మధ్య నుంచి రేకు అంచుకు దూరం రివిట్ మందానికి కనీసం రెండింతలు ఉండాలన్న నియమం రెండింటికీ పాటించాలి. ఒక్కసారి లాగి తెంచే యంత్రం మీద రెండు జతలూ దాదాపు ఒకేలా కనిపించవచ్చు, అక్కడ ఆగిపోతే పిల్లలు తప్పు పాఠం నేర్చుకుంటారు. కాబట్టి ఒక చిన్న మోటారు ఇరుసుకు ఒక పక్కన బరువు కట్టి, దాని వణుకు రెండు జతలకూ ఒకేలా తగిలేటట్టు బిగించి, నడవనివ్వాలి. ఏ జతలో రివిట్ ముందు వదులైందో, అప్పటికి ఎన్ని గంటలు నడిచిందో రికార్డులో రాయాలి. తర్వాత రెండు జతల రివిట్లనూ తొలిచి తీసి, బెజ్జాలను భూతద్దం కింద పెట్టి, గుండ్రంగా ఉన్నదేదో కోలగా సాగినదేదో ప్రతి విద్యార్థీ తన చేతితో బొమ్మ గీయాలి.